పదో నంబరు పానా

హనుమంతవాక ఎత్తు ఎక్కుతుంటే
మూడో గేరులో ఒక చప్పుడు,
గ్లాసులో చెంచా కదిలినట్టు.
నేను చెప్పింది అదే.
జాబ్‌కార్డు మీద అడ్వైజరు రాసింది: జనరల్ చెకప్.

ఏసీ గది. గోడ మీద టీవీ, సౌండు లేదు.
అద్దం అవతల ఎవరిదో బండి, చక్రాల్లేకుండా.
నాదెక్కడో కనపడదు.
నాలుగింటికన్నది ఏడయింది.

చైను మార్చారట. అడగని ఆయిలేదో పోశారట.
సైలెన్సరు తుప్పు మాత్రం వారంటీలోకి రాదు,
"సముద్రగాలి కదండీ!"
బండి కొన్నరోజు
సముద్రం సంగతి ఎవరూ ఎత్తలేదు.

మద్దిలపాలెం సిగ్నలు దాటానో లేదో
మళ్లీ చెంచా.

వెనక్కి తిప్పుకొస్తే షట్టరు సగం దించేశారు.
గేటు బయట, బండ్లు కడిగే ఎర్రినాయుడు,
తడి ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి,
ముందు చెవి వొగ్గి విన్నాడు.
"ఏటీ నేదు బావూ, గార్డు బోల్టు వొదులైపోనాది.
నోపల నన్ను పానా ముట్టనివ్వరు."
జేబులోంచి తీసి రెండే తిప్పులు.
డబ్బులు వద్దన్నాడు. టీ తాగాడు.

మర్నాడు ఫోను:
"మా సర్వీసుకి పదికి ఎన్నిస్తారు సార్?
తొమ్మిదన్నా మా జీతంలో కోస్తారు."
పది, అన్నాను.
అతని జేబులో ఉన్నది
పదో నంబరు పానాయే.