కారణం అనే గడి

జులై మంచు గడ్డిమీద ఉప్పులా పేరుకున్న పొద్దున
షాపెకోకి నలభై కిలోమీటర్ల అవతల
అదెల్మో బర్తోలెట్టి గారి మూడో షెడ్డు ముందు
టాబ్లెట్ పట్టుకుని నిలబడ్డాను.
నూట పన్నెండు ఫారాలకి కొత్త సాఫ్ట్‌వేర్ నేర్పి రమ్మని
సహకార సంఘం పంపింది నన్ను.
ఈయనది తొంభై ఏడోది.
కుక్క మొరిగింది. ఆయన మొరగలేదు, అంతే తేడా.

ఆయన చొక్కా జేబులో ఒక నోటుబుక్కు.
పేజీ గుర్తుకి ఒక తెల్ల ఈక.
చచ్చినవి ఇన్ని, తిన్న దాణా ఇంత,
నీళ్ళ పీపాలో మందు కలిపిన రోజున
ఒక చిన్న శిలువ.
ముప్పై ఏళ్ళ శిలువలు.
"మా చర్చి వెనక కూడా ఇన్ని లేవు" అని నవ్వాడు.

లోపల ఇరవై ఆరు వేల కోళ్ళు,
కూత నేర్చేలోపే లారీ ఎక్కేవి.
ఒక మంద బతికే నలభై రెండు రోజుల్లో
నా సాఫ్ట్‌వేర్‌కి మూడు అప్‌డేట్లు.

ఆయన బొటనవేలిని తెర గుర్తుపట్టలేదు.
సున్నం, బ్లీచింగు కలిసి
గీతలన్నీ ఎప్పుడో తినేశాయి.
వేలు మడిచి కణుపుతో నొక్కమన్నాను.
శిక్షణ పుస్తకంలో ఆ పాఠం లేదు.

మందు పేరు. నొక్కాడు.
మోతాదు. నొక్కాడు.
కారణం.
ఆగాడు.
ఆ గడి నిండందే పేజీ కదలదు.
జాబితాలో పదకొండు జబ్బులున్నాయి,
ఆయనది అందులో లేదు.

"భయం అని రాయొచ్చా?
చలికి ఒక్క పిల్ల తుమ్మితే
మిగతావన్నీ తెల్లవార్లూ నా చెవిలో తుమ్ముతాయి.
అప్పున్నవాడి చెవి, అమ్మాయీ."

నాలుగో స్లయిడులో నాకు జవాబు రాసిచ్చారు:
మొండికేసేవాళ్ళ దగ్గర ఓపిక పట్టండి,
మార్పుకి టైమిస్తే దారికొస్తారు.
నేను ఓపిక పట్టాను.
అప్పుడే జుల్మీరా మాతే టీ బుర్ర నింపుకొచ్చి
నా చేతిలో పెట్టింది, కూడా ఒక కాగితం.
"గడులు చదవడం నీ పనే కదా, ఇది చదువు."

మార్చిలో మూత్రంలో మంట.
పదకొండు రోజులు ఆసుపత్రి.
కాగితంలో మందుల వరస, ఎదురుగా ఒక్కో అక్షరం:
ఆర్, ఆర్, ఆర్, ఆర్.
అట్టడుగున, ఖరీదైన సూదిమందు పక్కన
ఒంటరిగా ఒక ఎస్.

మనుషులకి ఉన్నట్టే ఇక్కడ మందులకీ ఇంటిపేరు చివర.
ఆమెకి పనిచెయ్యనిదీ, పీపాలో నీలంగా కరిగేదీ
ఫ్లాక్ససిన్ వారే, అన్నదమ్ములు.
నేను పైకి అనలేదు.
అదెల్మో భుజం మీదుగా చదువుతున్నాడు.
పెదాలు కదిలి, ఆ చివర దగ్గరే
రెండోసారి కదిలాయి.

ఆ క్రిమి ఈ షెడ్డుదని ఏ కాగితమూ చెప్పదు.
కాదనీ చెప్పదు.
ఒకటి మాత్రం నాకు తట్టింది, టీ చేదుగా గొంతు దిగుతుంటే:
స్లయిడు లేకుండా, టైమివ్వకుండా,
మాకంటే ముందే మార్పు నేర్చుకున్నవాళ్ళు
కంటికి కనపడకుండా ఇక్కడే ఉన్నారు.
మొండివాళ్ళంటే వాళ్ళు.

ఆయన పీపా మూత పెట్టేశాడు.
గోతాలు కుట్టే సూది వెతికి తెచ్చి
పడమటి పరదాలో జానెడు చిరుగుని,
దక్షిణగాలి దూరే చోటుని,
మోకాళ్ళమీద కూర్చుని కుట్టాడు.
నేను దీపం పట్టుకున్నాను.

పరదా కుట్టినదానికి నా సాఫ్ట్‌వేర్‌లో గడి లేదు.
ఆఫీసుకి రాశాను. వచ్చే విడుదలలో చూస్తామన్నారు.

నాలుగో రోజు ఫోను.
"ఆరు చచ్చాయి. మామూలే."
కాసేపు ఫోనులో ఫ్యాన్ల హోరు.
"శిలువ వెయ్యలేదు.
మరి ఈ రోజుకి ఏం వెయ్యాలి?"