విశేషాలు

తెల్లారగట్ల నాలుగున్నరకి
లాకు మీద ఎవరూ ఉండరు.
నేనూ, గ్రీజు డబ్బా,
రాత్రంతా కొట్టుకొచ్చి తలుపులకు ఆనుకున్న
గుర్రపుడెక్క.

కొక్కెం కర్రతో లాగుతాను.
పూలు మాత్రం ఊదారంగు, చూడముచ్చట.
వేళ్లలో ఒకటే బురద, ఓ ఒంటి చెప్పు,
ఎవరి పెళ్లిదో థర్మాకోల్ అక్షరం,
ఒకసారి మూత లేని కుంకుమ భరిణె.
గట్టున పోస్తాను.
రేపటికి మళ్లీ ఇంతా వస్తుంది.

ఈ పని నాకు నేర్పింది గెడ్డం దానియేలు.
ముప్పై ఏడేళ్లు లస్కరు.
నేర్పాడంటే, చెప్పి కాదు.
మొదటి రోజు నా చేతిలో గుడ్డ పెట్టి
మర చూపించి "తుడువు" అన్నాడు.
తుడిచాను.
"పళ్ల సందుల్లో" అన్నాడు.
ఆ నెలకి అదే ఉపదేశం.

నేను డిగ్రీ చదివినవాణ్ణి.
"సందులెవరు చూస్తారు బాబాయ్?" అన్నాను.
ఆయన గేజి రాయి వైపు చూశాడు.
అంకెలు మునిగినంత మేర మునిగి ఉన్నాయి.
"నాలుగడుగుల రెండంగుళాలు. రాయి" అన్నాడు.

దాళ్వాలో నీళ్లు వంతులకొస్తాయి.
ఎగువ చేనుకి నోరుంది, మోటారుంది.
శివారు చేనుకి రెండూ లేవు.
ఓ అర్ధరాత్రి తూము తలుపు
నాలుగు వేళ్ల మందం ఎత్తాడాయన.
ఎక్కువ కాదు, తక్కువా కాదు,
చీకట్లో చెయ్యి నీళ్లలో ముంచి కొలిచాడు.
ఆ నాలుగు వేళ్ల నీళ్లు
కొబ్బరితోటల పక్కనుంచి,
రొయ్యల చెరువుల ఉప్పు గట్లు తప్పించుకుని
పదకొండు కిలోమీటర్లు నడిచి
పొద్దెక్కేసరికి ఎవరి నారుమడిలోనో
మట్టి రంగు మార్చి ఉంటాయి.
ఆ మడి మనిషెవరో ఈయనకి తెలీదు.
"నీళ్లొచ్చాయర్రా" అని
ఆవిడ ఆకాశానికి దణ్ణం పెట్టి ఉంటుంది.

"శివారు అనే మాటలో శివుడున్నాడు చూశావా"
అన్నాను, తెలివి చూపించుకుందామని.
ఆదివారం తప్పకుండా చర్చికెళ్లే మనిషి,
నవ్వాడు.
"ఎవరుంటే ఏంట్రా, నీళ్లందాలి గదా."

ఆయన రిటైరయ్యాక
బీరువాలోంచి పాత రిజిస్టర్లు తీశాను.
చెదలు తప్ప ఎవరూ తిరగెయ్యలేదు వాటిని.
తేదీ, వేళ, ఎగువ మట్టం, దిగువ మట్టం,
చివర విశేషాలు అని ఓ గడి.
ఏళ్లకేళ్లు ఆ గడిలో
ఏమీ లేవు. ఏమీ లేవు. ఏమీ లేవు.
తుఫానొచ్చిన నవంబరులో మాత్రం:
"కొబ్బరిచెట్టు తలుపులకి అడ్డం పడింది. తీశాను."

ఇంకొక రోజు. ఆగస్టు తొమ్మిది.
ఆరు గంటలు అని ఉండాల్సిన చోట
ఆరూ ఇరవై.
అదే చేతిరాత, వంకర పోలేదు.
మట్టం సరిగ్గానే ఉంది.
విశేషాల గడిలో
"ఆలస్యమైనందుకు క్షమించాలి."

ఊళ్లో అడిగితే చెప్పారు,
ఆ తెల్లవారుజామునే
మార్తమ్మ పోయిందని.

ఎవర్ని అడిగాడు క్షమాపణ?
ఆ పుస్తకం ఏ దొరా చదవడు.
ఇరవై నిమిషాలకి ఏ చేనూ ఎండదు.
ఆ ఒక్క గడి ముందు
చాలాసేపు కూచుండిపోయాను.
మా అమ్మ పక్కన పీట మీద కూచోబెట్టి
ఎన్ని పూజలు చేయించినా
నా దగ్గరికి రాని నిశ్శబ్దమేదో వచ్చింది.
అది దేవుడో కాదో నేను చెప్పలేను.
బయట నీళ్ల చప్పుడు మాత్రం ఉంది,
అంతకుముందూ ఉన్నదే.

ఇప్పటికీ నెలకోసారి వస్తాడు
పింఛను రోజున, సైకిలు నడిపించుకుంటూ.
కుశలం అడగడు.
మర పళ్ల సందులో వేలు పెట్టి తీసి
వెలుగుకి పట్టి చూస్తాడు,
లుంగీకి తుడుచుకుంటాడు.
"అవతలి పక్క" అంటాడు.

నిజమే,
అవతలి పక్క మిగిలిపోయింది.
గుడ్డ తీసుకుని వంగాను.