మాత్రల లెక్క

సొహార్ ఓడరేవు వెనక, ఇనుప కంచెను ఆనుకుని మా క్లినిక్.
బోర్డు మీద అరబ్బీ, ఇంగ్లీషు. వాటి కింద
ఎవరో మార్కరు పెన్నుతో రాసిన తెలుగు: కుటంబ వైద్యం.
కొమ్ము పోయింది. తొమ్మిదేళ్లుగా
దిద్దాలనుకుంటూ లోపలికి వెళ్లిపోతున్నాను.

భార్యను వెంటబెట్టుకుని ఎవరూ రారు ఇక్కడికి.
పిల్లల చీమిడి ముక్కులు, అత్తల మోకాళ్లు,
నేను చదువుకున్నవేవీ ఈ తలుపు దాటలేదు.
వచ్చేది ఒంటరి మగాళ్లు. చేతిలో హెల్మెట్,
హెల్మెట్‌లో కార్డు, కార్డు మీద
మనిషి కన్నా పదేళ్లు చిన్నవాడి ఫోటో.
"మీ నాన్నకు బీపీ ఉందా?" అని అడుగుతాను.
"సూపిచ్చుకుంటే గదా మేడం తెలిసేది" అంటారు.
ఆ గడిలో 'తెలియదు' అని రాసి రాసి
వేలికి కాయ కాచింది.

ఈ ఏడు ఒక అధ్యయనం పెట్టుకున్నాం.
బీపీ మాత్రలు ఎందరు సరిగ్గా వేసుకుంటున్నారో చూడాలి.
పద్ధతి తేలిక. ముప్పై ఇస్తాం.
నెల తిరిగాక డబ్బా తెమ్మంటాం.
మిగిలినవి షమ్సా సిస్టర్ ట్రేలో బోర్లించి
చింతగింజల్లా రెండేసి పక్కకు జరుపుతుంది.

నలభై ఒకటో నంబరు, ఎడ్ల పోశాలు. జగిత్యాల దగ్గరి మనిషి.
కంటైనర్ యార్డులో గొలుసులు బిగిస్తాడు.
డబ్బా ఖాళీ. నూటికి నూరు.
పట్టీ చుడితే మాత్రం నూట డెబ్బై రెండు.
రెండో నెలా అంతే.
మాత్ర రెట్టింపు చేశాను. పుస్తకం చెప్పేది అదే.
మూడో నెల దిగింది, నూట ముప్పై ఆరు.
పట్టికలో ఆకుపచ్చ రంగు వేశాం.
మస్కట్‌లో లెక్కలు చూసే ఆయన
చక్కటి కేసు అని మెచ్చుకున్నాడు కూడా.

నాలుగో నెల, లేచి వెళ్తూ వెళ్తూ గడప దగ్గర ఆగి,
"గీ గోలీతోని కాళ్లు వాస్తయా మేడం?"
వాస్తాయి, కొందరికి. చూపించమన్నాను.
బూటు విప్పాడు. ఎండిన తాడులాంటి కాలు.
వేలితో నొక్కితే గుంట పడలేదు.
"నీకేం వాయలేదు గదయ్యా."
నేల చూశాడు.
నేల మీద బూటులోంచి రాలిన తుప్పు.

ఇద్దరు, ఒక డబ్బా.
షేవింగు బ్లేడుతో సగానికి కోసుకుంటారట, రాత్రి తిన్నాక.
సగం పోశాలుకు, సగం తాతారావుకు.
తాతారావుది రాజోలు వైపు. కార్డు లేదు.
"ఖల్లివల్లి అయి రెండేండ్లాయె మేడం.
దవఖానకొస్తే పట్కపోతరని బుగులు.
ఒక్కణ్నే గోలేసుకుంటే ముద్ద దిగుతదా?"

అంటే మొదటి రెండు నెలలూ ఇద్దరికీ చాలలేదు.
నేను రెట్టించాక ఇద్దరికీ సరిపోయింది.
నా చీటీ నేనెన్నడూ చూడని ఒంట్లోకి వెళ్లి
అక్కడ కాళ్లు వాయిస్తోంది.
ఆ రాత్రంతా అదే ఆలోచన. తక్కిన ఖాళీ డబ్బాలు
ఎన్ని గదుల్లో, ఎన్ని బ్లేడ్ల కింద?

మర్నాడు నలభై ఒకటిని అధ్యయనంలోంచి తీసేశాను.
కారణం అడిగింది కంప్యూటరు, జవాబులూ అదే ఇచ్చింది:
చనిపోయారు. వెళ్లిపోయారు. ఇష్టం లేదు. ఇతరం.
ఇతరం నొక్కాను.
మస్కట్ ఆయన ఫోన్ చేసి బాధపడ్డాడు.
చెప్పబోయి, దగ్గాను. చెబితే ఒక మనిషి దొరికిపోతాడు,
చెప్పకపోతే ఒక అంకె గల్లంతవుతుంది.
అంకెనే పోనిచ్చాను.

షమ్సా కిటికీ వైపు తిరిగి, నాకు వినబడేలా,
"రాత్రి తొమ్మిది దాటాక కార్డు మిషను పనిచేయడం లేదు" అంది.
నిన్నటిదాకా బాగానే పనిచేసింది.

తాతారావు రాలేదు. చీటీ వచ్చింది.
సిమెంటు సంచి కాగితం మీద మూడు వారాల అంకెలు,
పోశాలు అప్పుచేసి కొన్న మిషనుతో కొలిచినవి.
పేరు లేదు. మాత్ర మార్చాను, ముఖం తెలియని మనిషికి,
చేయకూడదని తెలిసే, భయపడుతూనే.
వాపు తీసిందట.

ఈ వారం అంకెల కింద వేరే చేతిరాత,
గుండ్రటి అక్షరాలు, మొదటిసారి ఒక మాట:
"డాట్రుగారండీ, ఎండుచేప తినొచ్చాండీ?"
వద్దని రాసి, కొట్టేసి,
వారానికి ఒక్క ముక్క, రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి,
అని రాశాను.
తేదీ వేశాను.