నిండుకున్నవి

నరిన్ ఊరి ఆసుపత్రిలో
ఆపరేషన్ గదికి సరిగ్గా రెండంతస్తుల కింద
కలీపా గది.
కిటికీ లేదు. గోడకి ఆనించిన చెక్కబల్ల,
దాని మీద పద్నాలుగు బ్యాటరీలు
చార్జర్ల గుంతల్లో మూతులు పెట్టి,
ఒకే వరసలో పాలు తాగుతున్న గొర్రెపిల్లల్లా.

బయట మైనస్ ఇరవై ఆరు.
నది మీద మంచుపలక పగిలే చప్పుడు
ఇక్కడిదాకా రాదు.
వచ్చేది ఒక్కటే:
పైన ఎముకలో డ్రిల్లు దిగుతున్నప్పుడు
నీళ్ళ పైపు వెంట సన్నగా తుమ్మెద రొద.
ఆ రొద సాగినంతసేపూ
ఆమె టీ తాగుతుంది.

"పచ్చదీపం వెలిగింది పెద్దక్కా, పైకి పంపెయ్యనా?"
కొత్తగా చేరిన తిలెక్, మొదటిరోజు.
"అది దానికి చేతనైంది చెబుతుంది.
కూర్చున్నవాడి సత్తువ
కూర్చోబెట్టే తెలుసుకుంటావా?
నెత్తిన మూట పెట్టి మెట్లెక్కించు."

మూట అంటే ఆమె దగ్గరున్న పరీక్షపెట్టె.
బ్యాటరీని తగిలిస్తే
డ్రిల్లు ఎంత లాగుతుందో అంతా లాగుతుంది.
మంచిది మెల్లగా దిగుతుంది.
ముసలిది మొదట నిటారుగా నిలబడి
నాలుగో నిమిషంలో
మోకాళ్ళు విరిగినట్టు కూలుతుంది.

మన భాషలో ఒక గమ్మత్తుంది.
బియ్యం డబ్బా అడుగు కనబడితే
అయిపోయాయి అనం, నిండుకున్నాయి అంటాం.
కలీపాకి తెలుగు రాదు.
అయినా ఆ రెండు మాటల మధ్య సందు
ఆమెకి తెలిసినంతగా నాకు తెలీదు:
నిండింది అని దీపం,
నిండుకుంది అని పెట్టె.

పోయినేడు ఫిబ్రవరిలో
తొడ ఎముక విరిగిన గుర్రాలకాపరి ఒకడు.
తొమ్మిదో నంబరు పచ్చదీపంతోనే పైకెళ్ళింది.
పైపులో రొద మొదలై
ఉన్నట్టుండి ఆగింది.
ఆగాల్సిన చోట కాదు.
టీ గ్లాసు చేతిలో అలాగే ఉండిపోయింది.
కప్పు మీద పరుగెత్తే అడుగులు.
డాక్టర్ సాదిర్‌బెక్ ఆమెనేమీ అనలేదు.
"మిగతాది చేత్తో తిప్పాను" అని
వాచిన మణికట్టు చూపించాడు, అంతే.
కాపరి బతికాడు. ఎండలు వచ్చాక
కుంటుకుంటూ వచ్చి
అందరికీ ఒక డబ్బా గుర్రప్పాల కుమిస్ ఇచ్చిపోయాడు.
ఆమెకి గొంతు దిగలేదు.

మర్నాడే కొన్నది నోటుపుస్తకం,
బడిపిల్లలు లెక్కలు చేసే గళ్ళది.
ఒక్కోదానికి ఒక పేజీ:
వచ్చిన తేదీ, ఎన్నిసార్లు నింపింది,
ఎన్ని నిమిషాలు మోసింది.
అన్నీ పెన్సిలుతో.
తొమ్మిదో పేజీలో అడ్డగీత మాత్రం సిరాతో.

ఈ రాత్రి పదకొండింటికి కరెంటు పోయింది.
జనరేటరు పై అంతస్తుకే చాలుతుంది.
పైన, మంచులో జారిపడ్డ బడిపంతులమ్మ కాలు.
తిలెక్ టార్చి పట్టుకున్నాడు.
ఏ దీపమూ వెలగని వరసలోంచి
పుస్తకం చూసి
రెండు, ఏడు, పదమూడు తీసింది.
చలికి కొయ్యబారిపోతాయని
కోటు లోపల, చంకలో ఇరికించుకుని
అరవై రెండేళ్ళ గుండెతో
ముప్పై నాలుగు మెట్లు.
(ఆమెకి ఈసీజీ పడుకోబెట్టే తీశారు.
బాగుందన్నారు.)

ఆవిరిలో ఉడికి వచ్చిన డ్రిల్లు
నర్సు చేతుల్లో నోరు తెరుచుకుని ఉంది.
అంత వేడికి చచ్చిపోతుంది కనక
బ్యాటరీ ఒక్కటే ఉడకకుండా లోపలికెళ్ళేది.
అంచు తగలకుండా జారవిడిచింది,
తన ఒంటి వెచ్చదనంతో సహా.
మూత బిగిసింది.

కిందికి దిగలేదు.
మెట్ల మలుపులో కూలబడింది.
ఇక్కడ పైపు అక్కర్లేదు,
గోడే రొద చేస్తోంది.
మూడు.
నాలుగు.
తిలెక్ ఏదో అడగబోయాడు,
చెయ్యెత్తి ఆపింది.
ఐదు.