పంటి అంచు

ముహర్రఖ్‌లో, చేపల బజారు వెనక సందులో
దుర్ మహమ్మద్ ఉస్తాద్ దుకాణం.
నవంబరు పడ్డదంటే మాకు వేరే కుట్టు లేదు.
తోబ్‌లన్నీ పక్కకు పోతయ్,
బల్ల మీదికి ఎర్రతాను దిగుతది.
డిసెంబరు పదహారుకు ఊరంతా జెండా కావాలె:
కార్లకు, మిద్దెలకు, బడిపిల్లల చేతులకు.
ఒకాయన ఒంటెకు కూడా అడిగిండు,
కొలత రాసుకొచ్చిండు.

మొదటి ఏడు నేను తెల్లగుడ్డకు తొమ్మిది పళ్ళు కోసిన.
ఉస్తాద్ లెక్కపెట్టి, కళ్ళద్దాలు తీసి నవ్విండు:
"దుబ్బరాజం, ఇది పక్కింటోళ్ళది.
ఎరుపు ఇంకాస్త ముదిరితే ఖతర్‌ల అమ్ముకోవచ్చు."
ఆనాటి సంది కత్తెర పట్టేముందు
ఎడమచెయ్యి బల్లమీద పరుస్తా.
చిటికెనవేలు సగం సిరిసిల్ల సాంచా మింగింది.
నాలుగున్నర.
మిగిలిన సగం మనసుల కలుపుకుంటా.

ఐదే ఎందుకంటే:
సాక్ష్యం, నమాజు, జకాత్, రోజా, హజ్.
చివరిది ఆయనకింకా బాకీనే.
పైసలు కూడినప్పుడల్లా
ఎవరిదో ఒకరి పెండ్లి వస్తది.

ఒకప్పుడు ఇదంతా ఎరుపేనట.
ముత్యాలకు పోయే పడవా, కొట్లాటకు పోయే పడవా
ఒక్కతీరు గుడ్డ కట్టుకునేవి.
ఎవడు దొంగో ఎవడు దొరో
ఇంగ్లీషోడి దుర్బిణికి అందేది కాదు.
రెండు వందల ఏండ్ల కింద ఒక కాగితం మీద ముద్రలు పడ్డయ్.
ఇగ కొట్టుకోమన్నందుకు గుర్తుగా
ఎరుపు పక్కన తెలుపు చేరింది.
"సంధికి రంగుంటదా ఉస్తాద్?"
"ఉంటది. తొందరగా మాసేది."

తర్వాత తీరమంతా ఎవరిని చూసినా ఎరుపూ తెలుపే.
మాది ఇదీ అని చెప్పేందుకు
తిన్నటి గీతను రంపం చేసినరు.
ఇరవై ఎనిమిది పళ్ళట!
ఉస్తాద్ తండ్రి చేత్తో కుట్టేటోడు,
ఆయన చూపు ఆ మూలమలుపుల్లనే పోయిందని
ఇంట్లో అనుకునేటోళ్ళు.
ఆ వెనక ఎనిమిది.
ఎనిమిది పళ్ళది ఒకటి ఇంకా రేకుపెట్టెల ఉన్నది
కలరా ఉండల వాసన కొడుతూ.
కొత్త చట్టం మూడు పళ్ళు రాలగొట్టినా
ఆయన దాన్ని విప్పలే, దిద్దలే.
"నా పెండ్లినాడు మిద్దెమీద ఇదే ఎగిరింది" అంటడు, అంతే.

నాకు మాత్రం ఆ అంచు చూస్తే
నాయినా, చిన్నాయినా మగ్గానికి చెరోదిక్కు కూసోని
ఎక్కించిన కోటకొమ్మంచు యాదికొస్తది.
కొమ్మలు ఎవరూ లెక్కపెట్టలే,
చేతులకే లెక్క తెలుసు.
ఏ దేశానిదీ కాదు ఆ చీర.
అది కట్టుకున్నామె నడిచొస్తే
బజారు మాత్రం తొవ్వ ఇచ్చేది.

జనవరిల మరమ్మతుకు తెస్తరు.
షమాల్ గాలికి ఎప్పుడూ ఎరుపు కొసనే పోగులుపోతది.
తెలుపుదేముంది, కర్రను పట్టుకొని ఉంటది గదా.

కోసిన కొద్దీ ముక్కోణపు పీలికలు రాలతయ్.
బాస్మతి సంచిల దాచి దాచి
మూడో ఏడు బొంత కుట్టిన.
సల్మాబాద్ క్యాంపుల పై మంచం నాది,
సముద్రపు చలి రేకులల్ల నుంచి దిగుతది.
తప్పయితదేమో అని అడిగిన.
ఉస్తాద్ సూదిల దారం ఎక్కిస్తూ అన్నడు:
"ఐదూ ఒక్క వరుసల నిలబడితే జెండా.
రాలినయ్ గుడ్డపేగులే. కప్పుకో."

కప్పుకుంటా.
అయినా దీపం తీసేముందు
ఎర్రముక్కల దిక్కు తలాపుకు తిప్పుకుంటా.
కాళ్ళకాడ నా పాత లుంగీ గళ్ళు.