గాలి ఊళ్ళో ఒక కేసు కార్డు

పుంతా అరేనాస్‌లో గాలి
తప్పుకోమని అడగదు, తోసేస్తుంది.
అందుకని వీధి మలుపుల్లో
స్తంభం నుంచి స్తంభానికి తాళ్ళు కడతారు,
పట్టుకుని నడవమని.
ఇక్కడ పుట్టినవాళ్ళు చాలామంది వాటిని ముట్టుకోరు.
తాళ్ళు ఓడ దిగిన యాత్రికులకి,
మోకాళ్ళు అరిగిన ముసలమ్మలకి.
ఎదెల్మీరా యాభైమూడేళ్ళుగా
మెడ వంచి, భుజం ముందుకి పెట్టి
ఒట్టి చేతులతోనే నడిచింది.

మూడో అంతస్తులో ఆమె గది.
రెండు కుర్చీలు, ఒక గ్యాస్ హీటరు,
ఎప్పుడూ నిండుగా ఉండే కాగితపు రుమాళ్ళ పెట్టె.
రోజుకి ఏడుగురు.
సోమవారం ఆస్వాల్దో, పీతల వేట మానేసినవాడు,
జలసంధిలో తమ్ముణ్ణి పోగొట్టుకుని
ఇంకా రెండు కప్పులు కడిగి పెట్టేవాడు.
తర్వాత రొట్టె ముట్టని పదహారేళ్ళ పిల్ల.
తర్వాత, రాత్రిళ్ళు లేచి
తలుపు గడియ పదకొండుసార్లు చూసే రిటైరైన సైనికుడు.
అందరికీ ఆమె చెప్పేది ఒకటే మాట,
ఎవరి కొలతకి వాళ్ళకి కుట్టిన చొక్కాలా:
"మీ మీద మీరే అంత కటువుగా ఉండకండి."

అందరికీ శకునం చెప్పే బల్లి
సెప్టెంబరులో కుడితి తొట్టిలో పడింది.

ఆ సోమవారం ఆస్వాల్దో మాట్లాడుతుంటే
కిటికీ అద్దం గిలగిలా కొట్టుకుంటోంది.
"మరి రువేన్ ఉంటే ఏమనేవాడు?" అంది ఆమె.
రువేన్ ఇంకెవరి కొడుకో.
బుధవారం నాలుగింటికి వచ్చే తల్లి కన్నీళ్ళలోని వాడు.
ఆస్వాల్దో తమ్ముడి పేరు ఎఫ్రాయిన్.
అతను సరిదిద్దలేదు.
టోపీ చేతుల్లో తిప్పి తిప్పి, అంచు చూసుకుని
"వాడు పెద్దగా మాట్లాడేవాడు కాదు డాక్టరమ్మా" అన్నాడు.
ఆ మర్యాదే గొంతులో ముల్లయింది.

ఆ రాత్రి ఆమె తనని తిట్టుకున్న తిట్లు
ఇక్కడ రాయను.
పగవాడి పిల్లిని కూడా ఎవరూ అనని మాటలు.
పొయ్యి మీద సూపు మాడింది.
మాడిందే తింది, శిక్షలాగ.
పడుకుంటే ఏడుగురూ పక్క మీద చోటడిగారు,
దుప్పటి అంచు ఒకరు, దిండు ఒకరు.
నెలల తరబడి ఇంతే.
ఆవిడ మాత్రం దీన్ని వాతావరణం అనుకుంది.

మంగళవారం తొమ్మిదింటికి ఎవరూ రాలేదు,
అకాలపు మంచుకి బస్సులు ఆగాయి.
ఖాళీ గంట. అలవాటు చొప్పున
సొరుగులోంచి కొత్త కేసు కార్డు తీసి
పేరు దగ్గర తన పేరు రాసింది.
నవ్వొచ్చింది. కొట్టెయ్యలేదు.
ఎవరు పంపారు: ఎఫ్రాయిన్.
ఫిర్యాదు: పోయినవాడి పేరు మర్చిపోయింది.
ఎన్నాళ్ళ నుంచి అన్నచోట కలం ఆగింది.
అమ్మ పోయిన వారం కూడా
బుధవారానికల్లా ఈ కుర్చీలోనే ఉంది కదా.
పంతొమ్మిదేళ్ళు, అని రాసి
ఆ అంకెను పరాయి మనిషిదిలా చూసింది.
పరాయి మనిషిది కాబట్టి జాలేసింది.

ఎంతసేపుందని అడక్కండి ఆ జాలి.
హీటరు ఒకసారి ఆరి వెలిగినంత.
కానీ అది వచ్చిన దారి గుర్తుంది.

చికిత్స అన్న గీత మీద రాసుకుంది:
గురువారం మధ్యాహ్నం తలుపు వేసెయ్యాలి.
ఏడుగురు కాదు, ఐదుగురు.
వాల్దీవియాలో నెదా గారికి ఫోను చేసి
"అలిసిపోయాను" అనాలి,
ముందు "కొంచెం" తగిలించకుండా.
సూపు మాడితే పారబొయ్యాలి.
ఆస్వాల్దోకి క్షమాపణ చెప్పాలి, ఒక్కసారే,
అతనే తనని ఓదార్చేదాకా సాగదీయకుండా.

సాయంత్రం మలుపు తిరగ్గానే
గాలి ఛాతీ మీద చెయ్యేసి నెట్టింది.
ఎదెల్మీరా అటూ ఇటూ చూసింది, దొంగలా.
గ్లవ్ చేత్తో తాడు పట్టుకుంది.
తడిగా ఉంది, కొక్కేల తుప్పు వాసన.
ముందు ఓ ముసలమ్మ, వెనక ఓ యాత్రికుడు.
వాళ్ళ బరువు తన అరచేతికి తెలుస్తోంది,
తన బరువు వాళ్ళకీ తెలుస్తూ ఉండాలి.
మందుల షాపు దాకా వదల్లేదు.
అక్కడ కూడా వెంటనే వదల్లేదు.