మోచెయ్యి ఉన్నచోట

ముప్పై ఏళ్ళుగా జాకెట్లే కుడుతున్నాను.
పర్లాకిమిడిలో జాకెట్టంటే చీరమీదకే.
హుక్కులు, డోరీలు,
రేపు ఒళ్ళు చేస్తే విప్పుకోడానికి
చంకకింద రెండంగుళాల మడత.
ఆ సోమవారం వచ్చినవి వేరే జాకెట్లు.

ముగ్గురమ్మాయిలు, ఫారెస్టు గార్డులు,
మహేంద్రగిరి వైపు బస్సు దిగి
కౌంటరు మీద మూట విప్పారు.
ముదురాకుపచ్చ, బొంతంత మందం,
వీపు మీద వెలుగుపట్టీ,
మెడదగ్గర చీటీలో నలభై రెండు.
మూడూ నలభై రెండే.

"వేసుకో చూద్దాం" అన్నాను.
జయంతి రైతా వేసుకుంది.
భుజం కుట్టు మోచేతి దారి పట్టింది.
చేతుల్లో వేళ్ళు మాయం.
ఛాతీ దగ్గర ఇంకో పిల్ల పట్టేంత ఖాళీ,
తుంటిదగ్గర మాత్రం జిప్పు పళ్ళు నూరుతోంది.
వాకీటాకీ జేబు
ఎక్కడ పెట్టకూడదో సరిగ్గా అక్కడే పెట్టారు.
మోచేతికని వేసిన తోలుముక్క
ముంజేతి మీద కూర్చుంది, ఊరు తప్పి దిగిన చుట్టంలా.

"సలికి కాదమ్మా," అంది పైల రోహిణి,
"సలేస్తే ఏసింది. ఏనుగుల ఎనక నడిసేటప్పుడు
ఇది గరగరమంటాది.
వదులు బట్ట సప్పుడు సేస్తాది.
మొన్న ఓ గున్న మా వైపే సెవి తిప్పింది."
మూడో పిల్ల మాట్లాడలేదు.
మణికట్టు మీద గీత చూపించింది,
పొడుగు చెయ్యి ముళ్ళకంపకి తగులుకుని
వాగులోకి జారిన రోజుది.

టేపు తీశాను.
వెంటనే అటెన్షన్‌లో నిలబడ్డారు, అలవాటు పాపం.
"అలా కాదు. చెట్టెక్కు. వంగు.
మంట కొట్టే కొమ్మ పట్టుకున్నట్టు ఊపు."
కొట్లో చెట్టు లేదు కనక స్టూలెక్కింది జయంతి.
రెక్క తగులుతుందని ఫ్యాను ఆపాను.
నిలబెట్టి కొలతలు తీసినవాళ్ళు
నిలబడే ఉద్యోగాలకే కుట్టుకోవాలి.

మా నాన్న పోలీసు చొక్కాలు కుట్టేవాడు.
నన్ను మిషను తొక్కనిచ్చాడు గానీ
కత్తెర ఇవ్వలేదు,
ఖాకీ ఆడపిల్ల చేతికి లొంగదన్నాడు.
ఆ కత్తెరతోనే లైనింగ్ విప్పాను.
భుజాలు అంగుళంన్నర లోపలికి.
చేతుల్లోంచి కోసినదే తెచ్చి
తుంటికి అటో ముక్క ఇటో ముక్క.
చెయ్యెత్తితే నడుముకి గాలి తగలకుండా చంకలో పలక.
జాకెట్లు కుట్టే చేతికి ఇవేవీ కొత్త కాదు.
కొత్తది వెలుగుపట్టీ ఒక్కటే.
కోసి కలిపితే గీతకి గీత అందాలి,
లేకపోతే చీకట్లో మనిషి రెండు ముక్కలుగా కనిపిస్తుంది.
దానికే రెండు రాత్రులు, మూడు సూదులు.

సర్కారు సొత్తు కొయ్యడానికి రూలు లేదని
ఆఫీసులో ఒడియాలో చెప్పారట.
బిల్లు వెనక్కొచ్చింది.
ముగ్గురూ తలా కొంత పోగేసి తెచ్చారు.
వద్దన్నానని రాసుకుంటే బాగుండేది.
అబద్ధమెందుకు, సగం తీసుకున్నాను.
కొట్టు అద్దె ఉంది.

మాఘం వెళ్ళాక జయంతి మళ్ళీ వచ్చింది.
జాకెట్టు కౌంటరు మీద పరిచి
"చిరిగింది" అంది, తప్పు చేసినదానిలా.
వాలు దిగుతూ రాతిమీద పడిందట.
తోలుముక్క చీరుకుపోయింది,
దాని కింద దూది రేగింది,
దాని కింద పిల్ల చర్మం మాత్రం గీసుకోలేదు.
చిరుగులో వేలు పెట్టి
చాలాసేపు చూస్తూ ఉండిపోయాను.

"ఏటమ్మా, నవ్వుతున్నావు?"

ఏం చెప్పను,
సరిగ్గా మోచెయ్యి ఉన్నచోటే చిరిగింది.